షఫుల్‌బోర్డ్ బల్ల: 9 అడుగులా, 12 అడుగులా, 14 అడుగులా?

మా బేస్‌మెంట్‌లో గోడ నుంచి గోడకు 21 అడుగులు. టేపు పెట్టి కొలిచిన రాత్రే 16 అడుగుల షఫుల్‌బోర్డ్ బల్ల కొనేద్దామని మనసులో ఖాయం చేసేసుకున్నాను. 21లో 16 పోతే ఇంకా 5 అడుగులు. ఇటు రెండున్నర, అటు రెండున్నర, ఇంకేం కావాలి అనుకున్నా. మర్నాడు మా ఆవిడ కిందికి దిగి వచ్చి ఒక్క మాట అడిగింది: “ఆ ఫర్నేస్ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశారా?”

చూడలేదు. ఇల్లు వేడిచేసే యంత్రం ఉండే ఆ గది తలుపు సరిగ్గా బల్ల చివర మనిషి నిలబడే చోటికే తెరుచుకుంటుంది. దాంతో లెక్క మళ్లీ మొదటికొచ్చింది. చివరికి 14 అడుగుల బల్ల కొన్నాం. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన. ఆ తర్వాత టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది, న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య కూడా ఇదే పనిలో పడ్డారు. ఇద్దరూ నన్ను అడక్కుండానే కొన్నారు, కొన్నాక అడిగారు. ముగ్గురం చేసిన తప్పులూ కలిపి చెబుతున్నాను, మీకు ఆ ఖర్చు తప్పుతుందని.

ముందు ఒక తికమక తీర్చేస్తాను. క్రూయిజ్ ఓడల డెక్ మీద పొడవాటి కర్రలతో నేల మీద బిళ్లలు తోసే ఆటనీ షఫుల్‌బోర్డ్ అనే అంటారు. నేను చెబుతున్నది బల్ల మీద ఆడేది. అమెరికాలో బార్లలో గోడ వారగా రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఒక చెక్కబల్ల కనిపిస్తుంది చూడండి, అది. ఆట తేలికే. ఎరుపు బిళ్లలు నాలుగు, నీలం బిళ్లలు నాలుగు. ఒక చివర నిలబడి, ఒకరి తర్వాత ఒకరు అవతలి చివరికి తోస్తారు. అవతలి చివర 1, 2, 3 అని గళ్లు ఉంటాయి. అంచు మీద సగం బయటికి వేలాడుతూ ఆగితే 4 పాయింట్లు, దాన్ని హ్యాంగర్ అంటారు. అందరికంటే ముందుకు వెళ్లిన బిళ్ల ఎవరిదో ఆ రౌండులో పాయింట్లు వాళ్లకే. ఎదుటివాళ్ల బిళ్లని దాటి ఉన్నవే లెక్కలోకొస్తాయి. ఎక్కువగా 15 పాయింట్లకు ఆడతారు. ఎదుటివాడి బిళ్లని కొట్టి పక్కనున్న కాలువలో పడేయడంలోనే అసలు మజా అంతా.

క్యారమ్స్ ఆడిన చేతికి ఇది ఇట్టే పట్టుబడుతుందని అనుకుంటాం. నేనూ అనుకున్నా. క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాములకు మించకూడదు. ఇక్కడి బిళ్ల దాదాపు 345 గ్రాములు, రెండుంపావు అంగుళాలకు కాస్త ఎక్కువ వెడల్పు. వేలితో మీటితే కదిలేది కాదు. అరచేతితో, మణికట్టుతో మెల్లగా సాగనంపాలి. మొదటి రోజు నా బిళ్లలన్నీ సరాసరి అవతలి కాలువలోకే వెళ్లాయి.

ఇది అదృష్టం ఆటా, నేర్పు ఆటా అన్న గొడవ కోర్టు దాకా కూడా వెళ్లింది. 1848లో నార్త్ కరోలినా సుప్రీంకోర్టు దీన్ని నేర్పు ఆట కింద లెక్కగట్టింది. మన దగ్గర రమ్మీ గురించి 1968లో భారత సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో ఇలాంటి మాటే అంది. పేకాట వాళ్లకి ఆ తీర్పు కంఠతా వచ్చు. షఫుల్‌బోర్డ్ వాళ్లకి ఇది తెలిసినట్టు లేదు.

పొడవు మారితే ఆటే మారిపోతుంది

పోటీల్లో వాడే బల్ల పొడవు 22 అడుగులు. అందులో బిళ్ల జారే పలక 20 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు. మిగిలిన 16 అంగుళాలు రెండు చివర్లా ఉండే కాలువలకూ, చట్రానికీ పోతుంది. ఇంటి కోసం అమ్మే బల్లలు 9, 12, 14, 16, 18, 20 అడుగుల్లో దొరుకుతాయి. ఈ అంకె సాధారణంగా బయటి చట్రం పొడవు. అంటే 12 అడుగుల బల్ల అంటే పలక దాదాపు 10 అడుగుల 8 అంగుళాలు, 9 అడుగుల బల్ల అంటే ఏడున్నర అడుగుల చిల్లర. కొనేముందు ఈ రెండు కొలతలూ విడివిడిగా అడగండి. గదికి కావలసింది మొదటిది, ఆటకు కావలసింది రెండోది.

ఇప్పుడు చిన్న లెక్క. షాపులో ఎవరూ చెప్పలేదు, నేనే కాగితం మీద వేసుకున్నాను. పోటీ బల్ల మీద చివరి నుంచి 6 అంగుళాల వరకు 3 పాయింట్ల గడి. ఆ తర్వాత 6 అంగుళాలు 2 పాయింట్ల గడి. అక్కడి నుంచి ఫౌల్ లైన్ దాకా 1 పాయింటు. ఫౌల్ లైన్ చివరి నుంచి 72 అంగుళాల దూరంలో ఉంటుంది. బిళ్ల మన వైపు ఫౌల్ లైన్ దాటకపోతే అది చెల్లదు, తీసేస్తారు. రెండు చివర్లా కలిపి ఈ గీతలకు 144 అంగుళాలు కావాలి. 22 అడుగుల బల్ల మీద పలక 248 అంగుళాలు కాబట్టి మధ్యలో 104 అంగుళాలు ఖాళీ మైదానం ఉంటుంది.

అదే 12 అడుగుల బల్ల మీద పలక 128 అంగుళాలే. 144 పట్టదు. 9 అడుగుల బల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే పొట్టి బల్లల మీద తయారీదారులు ఫౌల్ లైన్లు ముందుకు జరిపి, గళ్లు తమకు తోచినట్టు గీస్తారు. 14 అడుగుల బల్లకొస్తే పలక 152 అంగుళాలు, అంటే అసలు కొలతల గీతలన్నీ పట్టి ఇంకా 8 అంగుళాలు మిగులుతుంది. అసలు గీతలతో ఆడగలిగే అన్నిటికంటే పొట్టి బల్ల 14 అడుగులది. నేను 14 వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

గీతల గొడవ అటుంచితే చేతికి తెలిసే తేడా ఇంకొకటి ఉంది. పొడుగు బల్ల మీద బలం కొలిచి తొయ్యడమే పరీక్ష. ఇరవై అడుగుల అవతల ఆరు అంగుళాల గడిలో బిళ్లని ఆపాలంటే చెయ్యి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. పొట్టి బల్ల మీద బలం పాత్ర తగ్గి గురి పాత్ర పెరుగుతుంది. ఆట త్వరగా అయిపోతుంది, కొట్టుకోవడాలు ఎక్కువ, ఆలోచన తక్కువ. పిల్లలకి అది నచ్చుతుంది. పెద్దవాళ్లకి కొన్నాళ్లకి మొహం మొత్తుతుంది.

ఒక్కో సైజు గురించి నా అభిప్రాయం

9 అడుగులది మా బావమరిది కొన్నాడు. వాళ్లది టెక్సాస్ ఇల్లు, బేస్‌మెంట్ లేదు, మేడ మీద బిల్డర్ ఇచ్చిన గేమ్ రూమ్ ఉంది. దాని పొడవు 17 అడుగులు. “చిన్నదే చాల్లే బావా, పిల్లల కోసమేగా” అన్నాడు. నిజమే, పిల్లలకి అప్పుడు ఏడేళ్లూ తొమ్మిదేళ్లూ. మూడు నెలలు ఇష్టంగా ఆడారు. ఆ తర్వాత ఆ బల్ల మీద లాండ్రీ బుట్టలు వెలిశాయి. ఇందులో సైజు తప్పు సగమే. 9 అడుగుల బల్లల్లో చాలావాటికి పలక పలచగా ఉంటుంది, లోపల నొక్కిన చెక్కపొడి, పైన లామినేట్. బిళ్ల జారుతుంటే గలగలమని చప్పుడు వస్తుంది, జారుడు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చిన్న సైజులోనూ మంచి మేపుల్ పలకతో చేసేవాళ్లు ఉన్నారు గానీ ఆ ధర పెట్టేవాళ్లు ఎలాగూ 12కే వెళ్లిపోతారు. 9 అడుగులది తీసుకోవచ్చు అని నేను చెప్పేది ఒక్క సందర్భంలోనే: గది 15 అడుగులు దాటదు, ఆడేది పదేళ్ల లోపు పిల్లలు, బల్ల నాలుగేళ్లు ఉంటే చాలు.

12 అడుగులది రాజీ. కానీ పరువైన రాజీ. అసలు గీతలు పట్టకపోయినా, బిళ్ల జారుతూ వెళ్తుంటే “ఆగు ఆగు” అని అరిచేంత సమయం దొరుకుతుంది. 9 అడుగుల మీద ఆ అరుపుకి వ్యవధే ఉండదు. ఇంటికి వచ్చిన చుట్టాలు, ఎప్పుడూ ఆడనివాళ్లు కూడా పది నిమిషాల్లో దారిలో పడతారు. బరువు కూడా నలుగురు మనుషులు సర్దుకోగలిగేంత. మందమైన మేపుల్ పలకతో 500 పౌన్లకు అటూ ఇటూ ఉంటుంది. గది 16 నుంచి 18 అడుగులుంటే ఇంకేం ఆలోచించకండి. మా బావమరిది ఇప్పుడు ఇదే వాడుతున్నాడు.

14 గురించి పైన చెప్పేశాను. గది 19, 20 అడుగులు దాటితే నా ఓటు దీనికే. 12కీ దీనికీ ధరలో తేడా ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి ఆడేదాంట్లో అది గుర్తుండదు.

16, 18 గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 14 కంటే బాగుంటాయి, పట్టే గదులు తక్కువ. 20 అడుగులది చూసేవాళ్లు మరో రెండడుగులు చూసుకుని 22కే వెళ్లడం మేలు.

22 అడుగులది మా అన్నయ్య కథ. దగ్గర్లో ఒక బార్ మూతపడుతుంటే పాత బల్ల కారుచౌకగా వస్తోందని ఎగబడి కొన్నాడు. పెద్ద బల్లలు సెకండ్ హ్యాండ్‌లో చౌకగా రావడానికి కారణం ఒకటే: అమ్మేవాడికి దాన్ని కదిలించడం తలకు మించిన పని. కొన్న మరుక్షణం ఆ పని మనది అవుతుంది. బరువు వెయ్యి పౌన్లకు అటూ ఇటూ. మూవర్స్‌కి ఇచ్చింది బల్ల ధర కంటే ఎక్కువైంది. తీరా ఇంటికి తెచ్చాక బేస్‌మెంట్ మెట్ల దగ్గర పలక తిరగలేదు. “కొన్నాళ్లు గరాజ్‌లో పెడదాం” అన్నారు. న్యూజెర్సీ గరాజ్‌లో ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిచేసరికి పలక మెలితిరిగింది. ఇప్పుడు దాని మీద కాస్ట్‌కో నుంచి తెచ్చిన నీళ్ల సీసాల కట్టలు ఉన్నాయి. వదిన ఆ బల్ల మాటెత్తితే అన్నయ్య టీవీ సౌండు పెంచుతాడు.

22 కొనకూడదని కాదు. లీగుల్లో ఆడేవాళ్లకి, ఈ ఆటే ప్రాణంగా ఉన్నవాళ్లకి దానికి సాటి లేదు. 28 అడుగుల గది, బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి ఉంటే కొనండి.

బల్లకి కాదు, మనుషులకి చోటు కొలవండి

ఆడేవాళ్లు నిలబడేది బల్ల చివర్ల దగ్గర. అమ్మేవాళ్లు చివరకు రెండడుగులు చాలంటారు. ఒక్కడే నిలబడితే చాలు, నిజమే. కానీ నలుగురు ఆడేటప్పుడు జోడీలో ఒకరు ఈ చివర, ఇంకొకరు ఆ చివర ఉంటారు. అంటే ప్రతి చివరా ఇద్దరు, ఒక్కో పక్షం నుంచి ఒక్కొక్కరు. ఒకరు వంగి తోస్తుంటే రెండోవాళ్లు పక్కకు తప్పుకోవాలి. వెనక్కి ఒక కాలు వెయ్యాలి. పైగా మన ఇళ్లలో ఆడేవాళ్లు నలుగురైతే చూసేవాళ్లు ఎనిమిది మంది, చేతిలో పకోడీ ప్లేట్లతో. కాబట్టి చివరకు మూడడుగులు వేసుకోండి. అప్పుడు 9 అడుగుల బల్లకు 15 అడుగుల గది, 12కి 18, 14కి 20, 16కి 22, 22కి 28 కావాలి. మరీ ఇరుకైతే ఒక్కో చివరా ఒక అడుగు తగ్గించుకోవచ్చు. అంతకంటే తగ్గిస్తే మోచెయ్యి గోడకి తగులుతుంది.

వెడల్పు విషయంలో ఈ బల్ల చాలా మంచిది. చట్రంతో కలిపి దాదాపు రెండున్నర అడుగులే. పక్కల నుంచి ఎవరూ ఆడరు కాబట్టి ఒక పక్క గోడకి దగ్గరగా జరపొచ్చు. పూర్తిగా అంటించకండి, కాలువలో పడ్డ బిళ్లని తీయడానికీ, దుమ్ము తుడవడానికీ చెయ్యి దూరాలి. ఒక అడుగు వదిలితే హాయిగా ఉంటుంది. రెండో పక్క మనుషులు నడిచే దారి. ఇద్దరే ఆడేటప్పుడు ప్రతి రౌండుకీ ఇద్దరూ ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు రెండు ఆటలాడి, “ఈ పూటకి వాకింగ్ అయిపోయింది” అని సోఫాలో కూలబడేవారు.

కొలిచేటప్పుడు గోడల్ని కాదు, అడ్డాల్ని కొలవండి. బేస్‌మెంట్‌లో నడుమ ఇనప స్తంభాలు ఉంటాయి. క్లోజెట్ తలుపులు, ఫర్నేస్ గది తలుపు, మెట్ల కింద వాలు, కిటికీ దగ్గర గట్టు, వీటన్నిటి నుంచీ దూరం చూడాలి. మా ఇంట్లో తలుపు వైపు నాలుగు అడుగులు, రెండో వైపు మూడు అడుగులు వదిలాం. 14తో కలిపి 21 సరిగ్గా సరిపోయింది.

కాగితం మీద ఎంత లెక్కేసినా నమ్మకం కుదరదు. పెయింటర్లు వాడే నీలం టేపు ఒక చుట్ట తెచ్చి, బల్ల కొలతకి నేల మీద ముగ్గులా గీత గీయండి. దాన్ని ఒక వారం అలాగే ఉంచండి. పిల్లలు ఆ గీత మీద నుంచి ఎన్నిసార్లు పరుగెత్తుతారో, లాండ్రీ తీసుకెళ్లే దారి అటేనేమో, సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో అప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో 16 అడుగుల టేపు గీత రెండు రోజులు కూడా నిలవలేదు.

గదిలోకి ఎలా వెళ్తుంది?

సైజు తేల్చేది గది అనుకుంటాం. చాలా ఇళ్లలో తేల్చేది మెట్లు. ఇక్కడి ఇళ్ల నియమాల ప్రకారం మెట్ల వెడల్పు కనీసం 36 అంగుళాలు, తలపైన ఎత్తు కనీసం 6 అడుగుల 8 అంగుళాలు. చాలా ఇళ్లలో దానికి మించి ఉండదు. పలక వెడల్పు 20 అంగుళాలే కాబట్టి మెట్ల వెంట నేరుగా దిగుతుంది. చిక్కు దిగాక వస్తుంది. మెట్లు అయిపోగానే ఎదురుగా నాలుగడుగుల్లో గోడ ఉంటే 12 అడుగుల పైచిలుకు చెక్క ఎటు తిరుగుతుంది? మధ్యలో మలుపు ఉన్న మెట్లయితే అసలు ఆశే వద్దు. పైన వంటగది వైపు కూడా అంతే, తలుపుకి ఎదురుగా ఫ్రిజ్ ఉంటే చెక్క ముక్కు లోపలికి దూరదు.

బరువు కూడా మరిచిపోకండి. మేపుల్ చెక్క ఘనపుటడుగు 44 పౌన్ల దాకా తూగుతుంది. 14 అడుగుల బల్లలో పలక మూడంగుళాల మందం ఉంటే ఆ ఒక్క చెక్కే 230 పౌన్ల చేరువ. పెళ్లిపందిట్లో గుంజ మోసినట్టు నలుగురు మోయాలి, అదీ మెట్ల మీద.

దారులు మూడు. ఇంటి వెనక నుంచి నేరుగా బేస్‌మెంట్‌లోకి తలుపు ఉంటే అంత అదృష్టం ఇంకోటి లేదు, ఏ సైజైనా వెళ్తుంది. అది లేకపోతే రెండు లేదా మూడు ముక్కలుగా వచ్చే పలక ఉన్న బల్ల చూడండి. గదిలో వాటిని బోల్టులతో కలిపి బిగిస్తారు. అతుకు సరిగ్గా కూర్చుంటే ఆటలో తెలియదు, కూర్చోకపోతే బిళ్ల అక్కడ చిన్నగా తుళ్లుతుంది. ఆట మీద పట్టుదల ఉన్నవాళ్లు ఒకే ముక్కే కావాలంటారు, నాకైతే మా అతుకు ఇబ్బంది పెట్టలేదు. మూడో దారి, సైజు తగ్గించుకోవడం. ఆర్డర్ ఇచ్చేముందు పలక ఎన్ని ముక్కలు, అన్నిటికంటే పొడవైన ముక్క ఎంత అన్నది రాతలో తీసుకోండి. “మావాళ్లు వచ్చి చూసుకుంటారు” అన్న మాట నమ్మి డెలివరీ రోజున ట్రక్కు పక్కన నిలబడి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. మా బావమరిది రెండో బల్ల అలాగే ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

మేడ మీద గది ఉన్నవాళ్లకి ఇంకో టెన్షన్ ఉంటుంది, నేల ఆ బరువు మోస్తుందా అని. లెక్క చూస్తే అంత భయం అక్కర్లేదు. 12 అడుగుల బల్ల 500 పౌన్లు అనుకుంటే, అది ఆక్రమించే 30 చదరపు అడుగుల మీద చదరపు అడుగుకి 17 పౌన్లు పడుతుంది. ఇళ్లలో నివాస గదుల నేలని మామూలుగా చదరపు అడుగుకి 40 పౌన్ల బరువుకు డిజైన్ చేస్తారు. చుట్టూ పది మంది నిలబడతారన్నది కూడా గుర్తుంచుకోండి. వీలైతే బల్లని నేల కింద దూలాలకి అడ్డంగా పెట్టండి, అప్పుడు బరువు ఎక్కువ దూలాల మీదకి పంచుకుంటుంది. ఇల్లు పాతదైతే, బల్ల పెద్దదైతే ఒక ఇంజినీర్ని అడగడంలో తప్పు లేదు.

రెండడుగులు తగ్గినా సరే, పలక మంచిదై ఉండాలి

ఒకే డబ్బుకి పలచని పలకతో 14 అడుగులది, మందమైన పలకతో 12 అడుగులది దొరికితే రెండోది తీసుకోండి. చెక్క తేమకి ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుంటుంది. ఇక్కడ జార్జియాలో ఎండాకాలం తడిగాలి, చలికాలం హీటర్ పొడిగాలి. పలచని పలక ఈ రెండింటి మధ్యా నలిగిపోతుంది. మంచి బల్లల్లో పలక కింద అడ్డంగా ఇనప బిగింపులు ఉంటాయి. వాటిని బిగిస్తూ, వదులుతూ పలక ఒంపుని సరిచేస్తారు. పలక నడుమ చూపుకి అందనంత స్వల్పంగా పల్లంగా ఉండాలి, అప్పుడు బిళ్ల ఊరికే పక్క కాలువలోకి జారిపోదు. పొడుగు బల్లకి ఈ బిగింపులు ఎక్కువ, సీజన్ మారినప్పుడల్లా చూసుకోవలసిన చోట్లూ ఎక్కువ. నేను ఏడాదికి రెండుసార్లు, హీటర్ మొదలుపెట్టిన నెల తర్వాత ఒకసారి, ఏసీ మొదలుపెట్టిన నెల తర్వాత ఒకసారి బల్ల కిందకి దూరతాను. బల్ల ఇంటికి వచ్చిన రోజే బిగించెయ్యకండి. రెండు వారాలు ఆ గది గాలికి అలవాటు పడనివ్వండి. బేస్‌మెంట్‌లో గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ లేకపోతే బల్ల కంటే ముందు అది కొనండి.

పలక మీద చల్లే పౌడర్ సంగతి కూడా సైజుతో ముడిపడి ఉంది. ఇది సన్నటి సిలికాన్ పూసలు, చాలా రకాల్లో మొక్కజొన్న పొడితో కలిపినవి. బిళ్ల వాటి మీద దొర్లినట్టు జారుతుంది. పొడుగు బల్లకి వేగమైన రకం, పొట్టి బల్లకి నిదానమైన రకం వాడాలి. 9 అడుగుల మీద వేగమైనది చల్లితే ఊదినా బిళ్ల కాలువలోనే. డబ్బా మీద వేగం అంకెలు ఉంటాయి గానీ అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం కాదు, పక్కన రాసినది చదవండి. క్యారమ్స్‌కి వాడే బోరిక్ పౌడర్ ఇంట్లో ఉంది కదా అని చల్లకండి. నేను చల్లాను. తుడుచుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఈ సిలికాన్ పౌడర్ గచ్చు మీద, చెక్క నేల మీద పడితే కాలు జారుతుంది. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో బల్ల కింద ఒక పొడవాటి కార్పెట్ ముక్క పరవండి.

గది చిన్నదైతే

13 అడుగుల లోపు గది అయితే నేను షఫుల్‌బోర్డే వద్దంటాను. ఒక మినహాయింపు ఉంది, రీబౌండ్ రకం. అందులో బిళ్ల అవతలి చివరున్న రబ్బరుకు తగిలి రెండో వరుసలో వెనక్కి వస్తుంది, ఆడేవాళ్లందరూ ఒకే చివర నిలబడతారు. రెండో చివర గోడకి ఆనించొచ్చు, మూడడుగులు కలిసొస్తుంది. ఆట మాత్రం వేరు, అది నచ్చుతుందో లేదో ఆడి చూసుకోవాలి.

పూల్ టేబుల్‌తో పోల్చి అడిగేవాళ్లు ఎక్కువ. 8 అడుగుల పూల్ టేబుల్‌కి మామూలు కర్రతో ఆడాలంటే దాదాపు పదమూడున్నర అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు గది కావాలి. గది చతురస్రంగా ఉంటే అది, సన్నగా పొడుగ్గా ఉంటే షఫుల్‌బోర్డ్. టేబుల్ టెన్నిస్ బల్ల 9 అడుగులు, 5 అడుగులు అయినా వెనక్కి పరుగెత్తే చోటు కావాలి. కానీ మడిచి గోడకి చేరేయొచ్చు, ఈ రెండింటికీ ఆ సౌకర్యం లేదు. ఇక ఏదీ పట్టకపోతే మన క్యారమ్ బోర్డు ఎక్కడికి పోయింది? లోపలి కొలత 74 సెంటీమీటర్లు, నలుగురు కూర్చుంటే చాలు.

మా బల్ల వచ్చి మూడేళ్లయింది. దాని మీద కాఫీ కప్పు పెట్టకూడదని ఇంట్లో ఒక చట్టం ఉంది, చుట్టాలకి కూడా మినహాయింపు లేదు. ఫర్నేస్ ఫిల్టర్ మార్చే రోజున తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, బల్ల అంచుకి ఇంకా అడుగున్నర దూరం ఉంటుంది. మా ఆవిడ ప్రతిసారీ ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పైకి వెళ్లిపోతుంది.